అందరూ తెలుపు, రంగి ఎరుపు

"బిడ్డ పుట్టినరోజుకు ముత్తైదువలను తెల్లచీరల్లో రమ్మని ఏ నోటితో పిలిచేదిరా?" అంది వకుళాదేవి, కొడుకు ఇంకా చెప్పులు విడవక ముందే.

దేవనాథన్ కొండమీద డ్యూటీ ముగించుకుని అప్పుడే బస్సు దిగి వచ్చాడు. భక్తులను క్యూలో నడిపించీ నడిపించీ గొంతు బొంగురుపోయింది. ఇంట్లోనూ క్యూయే. ముందు అమ్మ, వెనక రమామణి.

"అచ్చం తెలుపే కానక్కర్లేదు అత్తయ్యా. పాలరంగైనా సరే, జరీ అంచున్నా సరే," అంది రమామణి వంటింటి గడపలోంచి. "రంగికి మాత్రం ఎర్ర పావడ. ఎర్ర కాగితాలూ ఎర్ర పూలూ ఇంట్లో యాడా ఉండకూడదు."

"వెనకింటి ఆఫీసరమ్మ మద్రాసులో చూసొచ్చి, కొడుకు పుట్టినరోజంతా నీలంగా చేసింది. ఆ గాలి తగిలింది ఈమెకు."

"గాలీ లేదు, ధూళీ లేదు. అంత గుంపులో బిడ్డ నాకు తెలియాల, అంతే."

"నీ కడుపున పుట్టిన బిడ్డ నీకు తెలీకుండా పోతాదా?"

రమామణి వంటింట్లోకి వెళ్లింది. భర్తకు మజ్జిగ తెచ్చి గ్లాసులోకి వంచింది. సగం నేలపాలైంది.

"చూడు, నామీది కోపం మజ్జిగమీద," అంది వకుళాదేవి. "బియ్యంలో రాళ్లు, వాకిట్లో వంకర ముగ్గు. రెండేండ్ల బిడ్డను నేను సాక్కుంటాగానీ, ఈమెను ఐరాలకు పంపించెయ్. వాళ్లమ్మ దగ్గర మళ్లీ నేర్చుకోనీ."

రమామణి గుడ్డ తెచ్చి నేల తుడిచింది. తడి ఇంకా కొంత మిగిలే ఉంది.

రాళ్లతో, ముగ్గులతో దేవనాథన్‌కు పేచీ లేదు. కొన్ని నెలలుగా రమామణి అతని మొహం చూడటం మానేసింది. పలకరిస్తే అతని చెవి పక్కగా గోడను చూస్తూ జవాబిస్తుంది. మాటలో మునుపటి మెత్తదనమే, చూపులోనే ఏమీ లేదు. ఇష్టం చచ్చిపోయి మర్యాద మిగిలిందని అతను తీర్మానించుకున్నాడు. అడగడానికి ధైర్యం చాల్లేదు. అడిగితే నిజం చెబుతుందేమోనని భయం. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో తన మొహాన్ని పరాయివాడిలా పరిశీలించడం అలవాటైంది. ఇందులో ఏముందని ఆమెకింత విసుగు?

"ఆమె అడిగినట్లే చేద్దాంలేమ్మా," అన్నాడు అలసటగా. ఈ ముచ్చట తీరిస్తే ఒక్కసారి తనవైపు చూస్తుందేమో. అతనికి కావలసింది అంతకు మించి లేదు.

"నేనూ తెలుపేనా?" అని భార్యను అడిగాడు.

"మీరూ తెలుపే," అంది ఆమె, గోడకు చెప్పినట్లు.

ఆదివారం నగరి వెళ్లాడు. తెల్ల పంచెలూ పాలరంగు చీరలూ ఏరుతుంటే నేతగాడు రాజారత్నం గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఎవురైనా పోయినారా సామీ?"

"పుట్టినరోజు."

రాజారత్నం ఇంకేమీ అడగకుండా మూట కట్టాడు.

పుట్టినరోజునాడు ఇల్లంతా తెల్లబట్టలే. కొండమీద అతనితోపాటు డ్యూటీ చేసే చెంగల్రాయుడు గుమ్మంలోనే ఆగాడు. "ఏమప్పా, అక్షింతలెయ్యల్నా, పరామర్శ చెయ్యల్నా?"

"లోపలికి రాప్పా."

"పోనీలే, ఫొటోలో ఎట్లాగూ నలుపూ తెలుపే కదా."

వకుళాదేవి మాత్రం పంతంకొద్దీ పసుపు చీర కట్టి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కోడలి వింత చెబుతోంది. ఎర్ర పావడ రంగి జనం కాళ్ల మధ్య దూరి పరుగెత్తుతోంది. వంటింటి గడపమీద నిలబడ్డ రమామణి ఒక్కసారిగా కదిలింది. గుంపును చీల్చుకుంటూ, తడబడకుండా, సూటిగా వెళ్లి బిడ్డను పట్టుకుని గాలిలోకి ఎత్తింది. పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లైందో.

దేవనాథన్ జనాన్ని తప్పించుకుంటూ వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. నోరు తెరిస్తే ఆ క్షణం చెదిరిపోతుందనిపించింది. ఊరికే నవ్వాడు.

రమామణి తల ఎత్తింది. గోడవైపు తిరగలేదు. కళ్లు చికిలించి, ఇంకో అడుగు దగ్గరికి జరిగి, ఇన్ని నెలలకు నేరుగా అతని మొహంలోకే చూసింది. అతను ఊపిరి బిగబట్టాడు.

"ఎవురండీ మీరు?" అంది.