మునిగిన బాట

ఉత్తర అమెరికాలో ఓజిబ్వే అనే ఆదివాసీ జనం ఉండే అడవిలో, పూర్వం నుంచీ వాళ్లు ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పడవలు మోసుకెళ్లే బాట ఉంది. చెట్లు కొరికి, వాగు నీళ్లను ఆపి గూడు పెట్టుకునే బీవర్ అనే జంతువు ఒకటి, పిల్లల తల్లి, పక్క వాగుకు పుల్లలతో కట్ట కట్టింది. నీళ్లు బాటను ముంచేశాయి.

"కింది మలుపులో కట్టుకోకూడదా అమ్మాయీ? అక్కడా లోతుంది, బాటా మునగదు," అంది ముసలి ఎలుగుబంటి.

"మళ్లీ మొదట్నుంచీ కట్టాలా? ఈ దారిన ఇప్పుడెవరొస్తున్నారు మామా?" అంది బీవర్.

ఓ పొద్దున ఒక ముసలామె, కూతురితో కలిసి పడవ మోసుకొచ్చింది. కట్ట తెంచేస్తారని బీవర్ బిక్కచచ్చిపోయింది.

"పిల్లల తల్లి కట్టుకున్నట్టుంది, ఉండనీ," అని ముసలామె కూతురికి చెప్పి, పడవతో వచ్చిన దారినే వెనుదిరిగింది.

వాళ్లు కనుమరుగయ్యేదాకా బీవర్ కదల్లేదు. తరవాత కట్టలోంచి ఒక్కో పుల్లే లాగి, కింది మలుపుకు ఈడ్చుకుపోయింది.