పడ్డచోటల్లా ఆయనే

నాన్న మళ్లీ పడ్డాడు.

ఈసారి బస్టాప్ మలుపులో. మోచేయి చీరుకుపోయింది.

పక్కనే గొడుగాయన. ఎండ లేదు, వాన లేదు, చేతిలో నల్లగొడుగు మాత్రం ఉంది.

ల్యాబుకు బయల్దేరిన కూతురు స్కూటర్ ఆపి పరుగెత్తింది.

"ఏమైంది?"

"కాలు జారిందమ్మా. పెద్ద దెబ్బేం కాదు," అన్నాడు గొడుగాయన.

"మీరెలా వచ్చారిక్కడికి?"

ఆయన నాన్న చొక్కాకంటిన దుమ్ము దులిపాడు. "ఇటుగా పోతుంటే..."

పోయినవారం మార్కెట్ దగ్గర పడ్డప్పుడూ ఈయన ఇటుగానే పోతున్నాడు. అంతకుముందు బస్ డిపో గేటు దగ్గరా అంతే.

నాన్న ఒకప్పుడు బస్సు డ్రైవరు. ఇప్పుడు మతిమరుపు జబ్బు. రిటైరైన సంగతి మరిచిపోయి, సందు దొరికితే చాలు, డ్యూటీకి టైమైందని రోడ్డెక్కేస్తాడు.

ఇంటికి తెచ్చి నాన్న జేబులు తడిమింది.

"వాచీ ఉంది, ఉంగరం ఉంది. ఇంకేం కాజేశాడక్కా ఆయన?" అన్నాడు తమ్ముడు.

"అదే నా అనుమానం. ఏమీ తీసుకోనివాడు ఊరికే ఎందుకు తిరుగుతాడు?"

"మైక్రోస్కోపులో చూసీ చూసీ నీకు మనుషులు కూడా పురుగుల్లా కనిపిస్తున్నారు."



ఆమె పని మెదడు మీద పరిశోధన. దెబ్బతిన్న ఎలుక మెదడులో, చచ్చిన నాడీకణాల చుట్టూ ఎప్పుడు చూసినా ఒక గుంపు ఉంటుంది. ఆస్ట్రోసైట్లు. చుక్కల్లా నలువైపులా చేతులు చాచిన కణాలు. మామూలప్పుడు నాడీకణాలకు తిండి అందిస్తూ, చెత్త ఊడుస్తూ ఒద్దికగా పడి ఉంటాయి. దెబ్బ తగిలిందా, ఉబ్బిపోయి మూగుతాయి.

"చంపుతున్నది ఇవే మేడమ్," అంది పెద్ద సైంటిస్టుతో. "శవం ఉన్నచోటల్లా ఇవే."

"ఉన్నంతమాత్రాన చంపినట్టేనా?"

"కొన్ని ఎలుకల్లో వీటిని ఆపి చూద్దాం. తేలిపోతుంది."

మేడమ్ సరేనంది.

గొడుగాయన్ని ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. మర్నాడు పొద్దున ఇంటి ముందు పచార్లు చేస్తుంటే పట్టుకుంది.

"మా నాన్న వెంట ఎందుకు పడుతున్నారు?"

"అదేం లేదమ్మా. పెద్దాయన రోడ్డు దాటేటప్పుడు..."

"మీ ఇల్లెక్కడ?"

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంకోసారి ఈ వీధిలో కనిపిస్తే పోలీసులకు చెప్తాను."

ఆయన తల వంచుకుని కదిలాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"గేటుకి పైన ఇంకో గొళ్లెం పెట్టించండమ్మా. కిందది తీయడం ఆయనకి వచ్చేసింది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంటి గొళ్లేల సంగతి కూడా తెలుసుకున్నాడన్నమాట.

ఆ తర్వాత గొడుగాయన కనబడలేదు. నాన్న పడ్డాడన్న కబురూ రాలేదు.

"చూశావా?" అంది తమ్ముడితో.

"నేను ఇంట్లో కాపలా కూర్చుంటే ఎలా పడతాడక్కా?"

ఆ మాట ఆమె చెవికెక్కలేదు.

ఎలుకల ఫలితం వచ్చిన రోజు మేడమ్ లేచి తన కుర్చీ ఇచ్చింది.

"నువ్వే చూడు."

చూసింది. ఆస్ట్రోసైట్లను ఆపిన మెదళ్లలో దెబ్బ ఇంకా పాకింది. బతకాల్సిన నాడీకణాలు కూడా పోయాయి.

"అన్ని జబ్బుల్లోనూ ఇంతేనని అనను," అంది మేడమ్. "ఇక్కడ మాత్రం అవి చంపడానికి మూగలేదు. దెబ్బ పక్కకి పాకకుండా అడ్డం నిలబడ్డాయి. ఆ అడ్డం మనమే తీసేశాం."

ఆమె మరోసారి మైక్రోస్కోపులోకి వంగింది. అంతలో ఫోను మోగింది.

"అక్కా, నాన్న లేడు. స్నానం చేసి వచ్చేసరికి గేటు తీసి ఉంది."

డిపోలో లేడు. మార్కెట్లో లేడు. పోలీసులకు ఫొటో ఇచ్చి, చీకటి పడేదాకా వీధులన్నీ గాలించారు. పెట్టించని పై గొళ్లెం సంగతి ఆమె తమ్ముడి దగ్గర ఎత్తలేదు.

రెండు రోజులైనా జాడ లేదు. నాన్న ఏ దారిన పోతాడో, ఎక్కడ కూలబడతాడో తనకు బొత్తిగా తెలియదు. తెలిసిన మనిషి ఒక్కడే.

బస్టాప్ పక్కన టీకొట్టామెకు నాన్న ఫొటో చూపించి అడిగింది.

"గొడుగు పట్టుకుని ఒకాయన తిరిగేవాడు. ఎక్కడుంటాడో తెలుసా?"

"ఇప్పుడు రావట్లేదుగా. ఎవరో మహాతల్లి పోలీసులని బెదిరించిందట. ఎటు పోయాడో ఏమో."

ఆమె తల దించుకుంది.

"అసలు ఆయనకిక్కడ ఏం పని?"

టీకొట్టామె స్టవ్ మంట తగ్గించింది.

"పనేముంటుందమ్మా. వాళ్లమ్మ మీ నాన్నలాగే మతి తప్పి, ఓ రోజు జోరువానలో ఇల్లు వదిలి పోయింది, ఇప్పటికీ దొరకలేదు. ఆవిడ కనబడితే తడవకుండా పట్టాలని ఆ గొడుగు, కనబడేదాకా ఇలా ఒంటరిగా రోడ్డెక్కిన ముసలివాళ్ల వెనకాలే నడిచి ఇంటి దాకా దిగబెట్టడం."