రెండు పేర్ల పిలుపు

ఆ వీధిలో ఒకరి గుండో, కాలేయమో ఇంకొకరి ఒంట్లో బతకని ఇల్లు లేదు. అన్నానికి పిలిచేటప్పుడు ఇద్దర్నీ పిలవడం అక్కడ ఆనవాయితీ. "ఏమయ్యా, ఒరేయ్ సత్తిబాబూ, రండి!" అని నూకరత్నం కేకేస్తే, చచ్చిపోయిన ఆమె తమ్ముడి గుండెతో మొగుడు వీరభద్రం ఒక్కడే వచ్చి కూర్చునేవాడు.

ఆ గుండె అతని ఒంట్లో నిలవాలంటే రోజూ మాత్ర మింగాలి. ఆ మాత్రతో రోగాన్ని తట్టుకునే శక్తి పోయి, బూజు పట్టి ఒక కన్ను పోయింది. ఇప్పుడు రెండోదీ ఎర్రబడింది.

ఇవాళ కరివేపాకు కుండీలో నీళ్లు పోస్తుంటే, అతను ఉమ్మేసిన మాత్రలు పైకి తేలాయి.

నూకరత్నం పప్పుగుత్తి పట్టుకుని మీద పడింది. వీరభద్రం నెత్తి చిట్లి నెత్తురు కారింది.

"గుడ్డోణ్ణయిపోతానే రత్నం!"

"అయిపో! వాణ్ణి మళ్లీ చంపుతావా?"

కింద పడేసి, ఛాతీకి మాత్రం తగలకుండా భుజాల మీద మోకాళ్లు మోపి, నోరు బలవంతంగా తెరిచి మాత్ర గొంతులోకి తోసింది. అతను ఎముక తగిలేలా వేళ్లు కొరికినా చెయ్యి తియ్యలేదు.

గుటక పడ్డాక లేచి, నెత్తురు చేత్తోనే కంచం పెట్టి, అతని ఛాతీ వైపు చూస్తూ మెత్తగా పిలిచింది.

"ఒరేయ్ సత్తిబాబూ, అన్నానికి రారా."