చొక్కాల చందా

"చందా పుస్తకం వద్దు, లాటరీ టికెట్లు అమ్ముదామంటే నువ్వు ఇనలేదు," అని విసుక్కున్నాడు కబడ్డీ జట్టు కార్యదర్శి రంగనాథ.

"లాటరీ ఎవరు కొంటారప్పా? నాటకమాడి టికెట్టు పెడదామంటే నువ్వే కాదంటివి!" మగ్గం మీద గుడ్డ నేస్తూనే అరిచాడు కెప్టెన్ వీరేశప్ప.

ఎమ్మిగనూరంతా తిరిగినా చిరిగినవి రెండు రసీదులే. అందరికీ ఒకే రంగు చొక్కాలు లేకపోతే వచ్చే నెల ఆదోని పోటీల్లో దిగనివ్వరు.

పక్కనే రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న వీరేశప్ప తల్లి ఈరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇంతకీ ఆ దుడ్లు ఎందుకురా?"

"బళ్ళారికి పోయి సొక్కాల గుడ్డ కొనాలమ్మా."

రాట్నం ఆగిపోయింది.

"ఊరంతా అడుక్కుంటాండావే, నీ కాళ్ళు యాడుండాయో సూసుకున్నావా?"

వీరేశప్ప కిందికి చూశాడు.

కాళ్ళు మగ్గం గుంతలో ఉన్నాయి.