ముప్పావు అంగుళం

గొట్టంలో బురద చూసుకోకుండా పేల్చి, మా బామ్మర్ది వెర్లిన్ వేట తుపాకి మూతి పగలగొట్టుకున్నాడు. పగిలిన మేర రంపంతో కోసేశాడు. నేను లోపలికి పుల్ల దూర్చి కొలిచాను.

"గొట్టం పద్దెనిమిది అంగుళాలుండాలి. ముప్పావు తగ్గింది. ఇక రిజిస్టర్ కూడా చెయ్యరు. ఎవరింట్లో దొరికితే వాళ్ళకి పదేళ్ళ జైలు."

"ఆ చట్టమేదో అడివిలో టర్కీ కోళ్ళకి చదివి వినిపించు బావా!"

నా చదువంటే కెంటకీలో నలభై ఏళ్ళుగా ఇదే వెక్కిరింత. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మూడోనాడు వెళ్ళి షెరీఫ్‌కు వెర్లిన్ పేరు చెప్పేశాను.

ఇంటికొస్తే నా భార్య గుమ్మంలోనే ఎదురైంది.

"పొద్దున తమ్ముడు ఆ పదేళ్ళ జైలు మాటకి బెదిరిపోయి వచ్చాడు. తుపాకి మన కొట్టంలో పెట్టి వెళ్ళాడు. 'బావ చదువుకున్నవాడు, ఏం చెయ్యాలో ఆయనకే తెలుసు' అన్నాడు. ఎవరడిగినా ఆ మాటే చెప్తాడట."