వాగుడుకాయ, వదరుబోతు

మొదటి దెబ్బకే బస్వమ్మ పెదవి చిట్లింది. మాట మాత్రం ఆగలేదు.

"కొట్టున్రి అన్నా, కొట్టున్రి. మా అత్త గింతకంటె గట్టిగ కొట్టేది. జర మజ్జిగ తాగుతరా? మా బర్రె నిన్నటి సంది..."

మదన్‌మోహన్ తుపాకీ మడమతో ఆమె డొక్కలో పొడిచాడు. "నీ మొగుడేడి?"

అది నలభై ఏడు, దసరా ముందు. వెట్టికి రానని దొర ముఖం మీదే చెప్పాడు బస్వమ్మ మొగుడు రేవణసిద్ధప్ప. అతన్ని చంపడానికి దొర పిలిపిస్తే, పట్నం నుంచి పొద్దుటి రైల్లో జహీరాబాద్‌లో దిగారు మదన్‌మోహన్, అతని మనుషులిద్దరూ.

పక్కింట్లో గాజులమ్ముకునే అజ్మత్ బీని కూడా జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. ఆమె భయమంతా బస్వమ్మ నోరే. ఊరంతా తిట్టినా ఇన్నాళ్ళూ ఆమెను వెనకేసుకొచ్చింది అజ్మత్ బీ. "వాగుడుకాయ వేరు, వదరుబోతు వేరు. వాగుడుకాయతోని చెవులు పోతయ్. వదరుబోతుతోని కొంపలు పోతయ్" అనేది.

రెండోవాడు బస్వమ్మ చిటికెన వేలును గడప మీద పెట్టి రోకటితో నలగ్గొట్టాడు.

"చుప్ ఉండు బస్వమ్మా, నీ కాల్మొక్త!" అజ్మత్ బీ ఏడ్చింది.

"చెప్త అన్నా, చెప్త! ఎనక పెరట్ల జొన్నల పాతరల ఉన్నడు. నేనే దించిన. మీద బండ పెట్టి మట్టి మెత్తిన, గాలికి సందుంచిన. చేతిల కట్టె గూడ లేదు. మూడు దినాల సంది ఉపాసమున్నడు, పిల్లి లెక్క దొరుకుతడు..."

అజ్మత్ బీ కళ్ళు మూసుకుంది. ఇది వాగుడుకాయ కాదు. వదరుబోతే.

మట్టి పగలగొట్టి బండ లాగారు. కత్తి పట్టుకుని ఒకడు నేలలోని ఆ గోతిలోకి దూకాడు.

"దొరికిండారా?" పైనుంచి అరిచాడు మదన్‌మోహన్.

జవాబు లేదు. తిట్టుకుంటూ రెండోవాడు దూకాడు. ధబ్బున చప్పుడైంది. అంతే.

మదన్‌మోహన్ బస్వమ్మ గొంతు పట్టుకున్నాడు. "ఎందరున్నరే లోపల?"

"ఒక్కడే అన్నా. బక్కోడు. గా ఒక్కనికి ముగ్గురు గావాల్నా?"

ఆమెను తోసేసి, తుపాకీతో అతనూ దిగాడు.

అజ్మత్ బీ లేచి బస్వమ్మ చెంప పగలగొట్టింది. "కట్టుకున్నోణ్ణి చంపించినవ్ గదనే!"

బస్వమ్మ గోతి వైపే చూస్తూ నిలబడింది.

ఉగాదికి మూసి ఆ రోజుదాకా ఎవరూ తెరవని పాతరలోకి ముందు దీపం దించి చూస్తారని, అది ఆరిపోతే లోపలి గాలికి మనిషి ప్రాణమూ పోతుందని, ఆ ఒక్క మాట మాత్రం బస్వమ్మ ఆ ముగ్గురికీ చెప్పలేదు.