తొమ్మిది ఒకట్లు

రామమోహన్ ఆ జవాబు కాగితాన్ని రెండు వేళ్ళతో అంచున పట్టుకున్నాడు. మూల చెమటకి మెత్తబడింది. పెన్సిల్ మరకలు, రబ్బరు పొట్టు, అడ్డదిడ్డంగా గుణకారాలు. వాటి కింద జవాబు: 1111111101.

కాగితాన్ని ముఖానికి ఇంకాస్త దూరంగా జరిపాడు.

రైల్వే కాలనీలోని తెలుగు పిల్లలకి ఏటా పెట్టే లెక్కల పోటీ అది. చివరి ప్రశ్న అతనే చేత్తో రాసి అచ్చుకి పంపాడు. 12345679ని తొమ్మిదితో గుణించండి. ఎనిమిది లేని ఈ సంఖ్యంటే అతనికి ప్రాణం. తొమ్మిదితో గుణిస్తే తొమ్మిది ఒకట్లు. పద్దెనిమిదితో గుణిస్తే తొమ్మిది రెళ్ళు. ఇరవై ఏడుతో అయితే తొమ్మిది మూళ్ళు. మనుషుల్లో ఎక్కడా దొరకని శుభ్రత.

ఆ వరుసలో ఈ పిల్ల సున్నా పెట్టింది. చివరి ముద్దలో వెంట్రుక తగిలినట్టు.

మిగిలిన పదకొండు మందీ కుదుదండ్ పేటలో అతని దగ్గర ట్యూషన్ చదివేవాళ్ళే. అందరూ 111111111 అనే రాశారు. ఒక్క కొట్టివేత లేదు. పక్కన గుణకారం కూడా లేదు. ఆ కాగితాలు ముట్టుకుంటే స్నానం చేసినంత హాయి.

గుమ్మంలో అచ్చియమ్మ నిలబడింది, మనవరాలు ప్రత్యూషతో. రాయ్‌పూర్ గణిత శిబిరానికి ఒక్కరినే పంపుతారు. ఈ లెక్క తప్పయితే ప్రత్యూషకి ఆ చోటు పోతుంది.

"ఈ గుంట అయ్య షెడ్డు డ్యూటీకెల్లాడు, అందుకని నానొచ్చాను," అంది అచ్చియమ్మ. "ఓపాలి మల్లీ సూడు బాబూ. తప్పన్నావని గుంట రెండ్రోజులై తిండి మానీసింది."

"చూడ్డానికేముందమ్మా? పదో క్లాసుకొచ్చింది, తొమ్మిదో ఎక్కం రాదు."

"మూడుసార్లు చేశాను సర్," అంది ప్రత్యూష. "హర్ బార్ వహీ ఆయా, అదే జవాబు."

"మూడుసార్లూ తప్పే చేశావు. ఈ సున్నా చూడు. అసహ్యంగా లేదూ?"

"లెక్కకి అందమేటి బాబూ? అదేటి పెళ్ళికూతురా?"

అతను కాగితం తాకిన వేళ్ళని రుమాలుతో తుడుచుకున్నాడు. ఎర్ర పెన్ను తీసి, సున్నా కనపడనంతగా కొట్టేశాడు. శిబిరానికి వెళ్ళే పేరు దగ్గర తన శిష్యుడు సాయిచరణ్ పేరు రాసి సంతకం పెట్టాడు.

ప్రత్యూష ఏడవలేదు. మడిచి తెచ్చుకున్న ప్రశ్నపత్రం బల్ల మీద పెట్టింది.

"ఏక్ బార్ మీరే చేయండి సర్."

అతను విసుగ్గా విప్పాడు. అచ్చయి వచ్చాక ఆ పత్రాన్ని చూడటం అదే మొదటిసారి.

టైపు చేసినవాడు, రాసినాయన మరిచిపోయాడనుకుని ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఎనిమిది చేర్చేశాడు. ప్రశ్నలో ఉన్న 123456789ని నిజంగా తొమ్మిదితో గుణించింది పన్నెండు మందిలో ప్రత్యూష ఒక్కతే.